డీవీడీ రైటర్ పెడితే ‘సీడీ డ్రైవ్’ అంటోంది: కంప్యూటర్‌కు ఆ మాట చెప్పింది ఎవరు?

కందుకూరులో ఫొటో స్టూడియో నడిపే మిత్రుడొకరు ఒంగోలు వెళ్లి ఎక్స్‌టర్నల్ డీవీడీ రైటర్ కొనుక్కొచ్చారు. పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నా, డిస్క్ కూడా కొట్టివ్వమని అడిగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పైగా ముహూర్తాల సీజన్. స్టూడియోలో సిస్టమ్‌కు తగిలిస్తే ‘దిస్ పీసీ’లో కనిపించింది ‘సీడీ డ్రైవ్ (ఎఫ్)’. రైటర్ అన్న మాటే లేదు. డిస్క్ రాసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే, రికార్డర్ ఏదీ కనపడలేదంది. "డీవీడీ రైటర్ అని చెప్పి సీడీ డ్రైవ్ అంటగట్టాడన్నా" అని నాకు ఫోన్.

మర్నాడు బస్సెక్కి మళ్లీ ఒంగోలు. షాపులో కుర్రాడు దాన్ని తన కంప్యూటర్‌కు పెట్టి చూపించాడు. అక్కడ ‘డీవీడీ ఆర్‌డబ్ల్యూ డ్రైవ్’ అని శుభ్రంగా వచ్చింది. ఖాళీ డీవీడీ మీద ఏవో నాలుగు ఫైళ్లు రాసి కూడా ఇచ్చాడు. తిరిగొచ్చి స్టూడియోలో పెడితే మళ్లీ సీడీ డ్రైవే.

వస్తువు ఒకటి, కంప్యూటర్లు రెండు, జవాబులు రెండు. ఇలాంటప్పుడు తలా ఒక మాట అంటారు. షాపువాళ్లు మీ విండోస్ పాడైందంటారు. విండోస్ ఎక్కించేవాళ్లు వస్తువు నాసిరకమంటారు. యూట్యూబ్ చూసినవాళ్లు విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ఏదో తీసేస్తే సరిపోతుందంటారు. ముగ్గురి మాటా ఒక్కోచోట నిజమే, అందుకే ఇంత గందరగోళం.

డిస్కుల కాలం అయిపోయింది కదా అనుకోవచ్చు. నెల్లూరు పొగతోటలో స్కానింగ్ తీయించుకున్నవాళ్లను అడగండి. ఫిల్మ్‌తో పాటు సీడీ ఒకటి చేతిలో పెట్టడం ఇప్పటికీ ఉంది. దాన్ని వేరే డాక్టరుకు పంపాలంటే ఇంట్లో ల్యాప్‌టాప్‌కు డ్రైవే ఉండదు. కోర్టుల సంగతీ అంతే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రం నమూనా ఉంది. అందులో మొబైల్, ఫ్లాష్ డ్రైవ్, క్లౌడ్‌లతో పాటు సీడీ/డీవీడీకీ ఒక గడి కేటాయించారు. అంటే ల్యాప్‌టాప్‌ల లోపలి నుంచి డ్రైవ్ పోయింది గానీ దాని అవసరం పోలేదు. బయట తగిలించుకోవాల్సి వచ్చేసరికి ఈ గుర్తింపు తగాదా మొదలైంది.

డ్రైవ్, డ్రైవర్, మధ్యలో బ్రిడ్జ్

మన దగ్గర డ్రైవ్‌నూ డ్రైవర్‌నూ కలిపేసి మాట్లాడతారు. "సీడీ డ్రైవర్ పాడైంది" అంటే చాలాసార్లు పెట్టె పాడైందని అర్థం. డ్రైవ్ అంటే డిస్క్ తిప్పే యంత్రం. డ్రైవర్ అంటే ఆ యంత్రంతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసేలా చేసే చిన్న ప్రోగ్రామ్. మొదటిది చేతికి తగులుతుంది, రెండోది తగలదు.

చదవడం మాత్రమే వచ్చిన డ్రైవ్‌ను రోమ్ అంటారు, రాయడం కూడా వస్తే రైటర్ లేదా బర్నర్. ఎక్స్‌టర్నల్ రైటర్ విప్పితే లోపల ఉండేది పాత ల్యాప్‌టాప్‌లో ఉండే పల్చటి డ్రైవ్ లాంటిదే. చాలావాటిలో అది కంప్యూటర్ లోపలి డ్రైవ్‌లు వాడే సాటా పద్ధతిలో మాట్లాడుతుంది. బయటికొచ్చే తీగ యూఎస్‌బీది. ఈ రెంటికీ మధ్య వేలిగోరంత చిప్ ఒకటి దుబాసీ పని చేస్తుంది. దాన్నే బ్రిడ్జ్ అంటారు. కొనేటప్పుడు ఎవరూ దాని గురించి అడగరు, పెట్టె మీద దాని పేరూ ఉండదు.

తగిలించగానే జరిగే మూడు ప్రశ్నల విచారణ

ఊళ్లో కొత్త మనిషి బస్సు దిగితే రచ్చబండ మీది పెద్దాయన అడుగుతాడు: "ఎవురబ్బాయివి నాయనా? యాడికి పోవాల?" ఆధార్ కార్డు చూపించమనడు. వచ్చినవాడు చెప్పినదాన్నిబట్టే వాడు ఫలానావాళ్ల అల్లుడు, ఫలానా పనిమీద వచ్చాడు అని ఊరంతా అనుకుంటుంది. కంప్యూటర్ కూడా అంతే. డ్రైవ్‌ను అది కళ్లతో చూడదు. అడుగుతుంది, వచ్చిన జవాబును నమ్ముతుంది.

మొదటి ప్రశ్న తీగ మీదే. నీ తయారీదారు నంబరు ఎంత, మోడల్ నంబరు ఎంత, నువ్వు ఏ తరగతి? దీనికి బ్రిడ్జ్ జవాబిస్తుంది. ‘మాస్ స్టోరేజ్’, తరగతి నంబరు 8. అంటే ఏదో దాచుకునే వస్తువు వచ్చిందని మాత్రమే తేలింది. అది పెన్‌డ్రైవో, హార్డ్ డిస్కో, డీవీడీ రైటరో ఇంకా తెలియదు.

రెండో ప్రశ్న పేరు ఇంక్వైరీ. దీనికి కనీసం 36 బైట్ల జవాబు వస్తుంది. మొదటి బైటులో వస్తువు రకం ఉంటుంది: 0 అంటే మామూలు డిస్క్, 5 అంటే సీడీ, డీవీడీ జాతి. ఇలాంటి వివరాలకు 8 బైట్లు పోతాయి. తర్వాత తయారీదారు పేరుకు 8 అక్షరాలు, మోడల్‌కు 16, లోపలి ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను నడిపే, దానిలోనే ఉండే ప్రోగ్రామ్) వెర్షన్‌కు 4. అన్నీ కలిపితే 36. ఇక్కడ ఒక చిక్కుంది. 5 అన్న జవాబులో సీడీనా డీవీడీనా, చదివేదా రాసేదా అన్న తేడా లేదు. ఇరవై ఏళ్లనాటి సీడీ రోమ్ కూడా 5 అనే చెబుతుంది.

ఆ తేడా తేలేది మూడో ప్రశ్నలో. నీకు ఏమేం వచ్చు అని అడిగితే డ్రైవ్ ఒక జాబితా చదువుతుంది. సీడీ చదవగలను, సీడీ-ఆర్ రాయగలను, డీవీడీ చదవగలను, డీవీడీ-ఆర్ రాయగలను, డీవీడీ+ఆర్ రాయగలను... ఒక్కో విద్యకూ ఒక్కో నంబరు. ఈ జాబితా చూశాకే విండోస్ ‘డీవీడీ ఆర్‌డబ్ల్యూ డ్రైవ్’ అనే పేరు తగిలిస్తుంది. ఇది సరిగ్గా అందకపోతే దాని చేతిలో మిగిలేది 5 ఒక్కటే. రచ్చబండ పెద్దాయన లెక్కలో చెప్పాలంటే, వచ్చినవాడు ఫలానా ఊరివాడని తెలిసింది, ఏం పని చేస్తాడో తెలియలేదు.

లైనక్స్ వాడేవాళ్లకు ఈ విచారణంతా తెర మీదే కనిపిస్తుంది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్ రాసుకునే చిట్టాలో ‘ఎస్‌ఆర్0: 24ఎక్స్/24ఎక్స్ రైటర్ డీవీడీ-ర్యామ్ సీడీ/ఆర్‌డబ్ల్యూ... ట్రే’ అని ఒక వరుస పడుతుంది. ఆ వరుసలో ‘రైటర్’ అన్న మాట ఉందంటే మూడో జవాబు దాకా అంతా సవ్యంగా నడిచిందన్నమాట. మ్యాక్‌లో అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని డిస్క్ బర్నింగ్ పేజీలో రాసే సౌకర్యం ఉందో లేదో వస్తుంది. బయటి కంపెనీల డ్రైవ్‌లకు అక్కడ ‘జెనరిక్ డ్రైవ్ సపోర్ట్’ అని ఉంటుంది. అది చూసి కొందరు నకిలీ సరుకేమోనని కంగారుపడతారు. ఫలానా మోడల్ అని ప్రత్యేకంగా ఎరగను గానీ రాయడం కుదురుతుంది అని దాని భావం, అంతే.

వింత పేరు కనిపిస్తే తప్పు గుర్తింపేనా?

కాదు. నాకు వచ్చే ఫోన్లలో దీని గురించే ఎక్కువ. ఎల్‌జీ అని కొన్నాం, డివైస్ మేనేజర్‌లో (తగిలించిన వస్తువుల జాబితా విండోస్ చూపించే చోటు) ‘హెచ్‌ఎల్-డీటీ-ఎస్‌టీ’ అంటోంది ఏంటి అంటారు. అది హిటాచీ-ఎల్‌జీ డేటా స్టోరేజ్ అనే ఉమ్మడి సంస్థ పేరును 8 అక్షరాల గడిలో ఇరికించిన తీరు. శామ్‌సంగ్ పెట్టెలో ‘టీఎస్‌ఎస్‌టీకార్ప్’ అని వస్తే అది తోషిబా, శామ్‌సంగ్ కలిసి పెట్టిన సంస్థ. ‘మాట్‌షిటా’ అంటే మత్సుషిత, అంటే పానసోనిక్. ఇంకో తమాషా ఏమిటంటే చాలా ఎల్‌జీ రైటర్ల మోడల్ పేరులో ‘డీవీడీర్యామ్’ అని ఉంటుంది. డీవీడీ-ర్యామ్ అనే అరుదైన డిస్కులు కూడా రాయగలదని గొప్పగా చెప్పుకోవడం అది. మామూలు డిస్కులు రాయదని కాదు.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. కొన్ని చవక రైటర్లకు పక్కన మెమరీ కార్డు గాడి, రెండు యూఎస్‌బీ రంధ్రాలు కూడా పెట్టి అమ్ముతున్నారు. అలాంటిది తగిలిస్తే ఒకేసారి రెండు మూడు వస్తువులు వచ్చినట్టు కంప్యూటర్‌కు అనిపిస్తుంది. కార్డు గాడి ‘రిమూవబుల్ డిస్క్’గా కనిపిస్తుంది. రైటర్‌ను పెన్‌డ్రైవ్ అనుకుంటోందని గోల. అసలు రైటర్ వేరే అక్షరంతో పక్కనే కూర్చుని ఉంటుంది.

4.7 జీబీ అని రాసిన డిస్క్ 4.38 జీబీ అని కనిపించడం కూడా ఈ ఖాతాలోదే. అట్ట మీది 4.7 అంటే 470 కోట్ల బైట్లు. విండోస్ దృష్టిలో ఒక జీబీ అంటే 1024ను మూడుసార్లు హెచ్చిస్తే వచ్చే 107.37 కోట్ల బైట్లు. 470ని 107.37తో భాగిస్తే 4.38. ఎవరూ ఏమీ కొట్టేయలేదు.

పవర్ చాలకపోతే ఏమవుతుంది

అసలు జబ్బుల్లో దీనికే పెద్దపీట. రిపేరు షాపుల్లో "పవర్ లాగడం లేదు" అనే ఒక్క మాటతో తేల్చేస్తారు గానీ లోపల జరిగేది కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే పవర్ జబ్బు పవర్ జబ్బులాగా కనిపించదు. గుర్తింపు జబ్బులాగా కనిపిస్తుంది.

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇస్తానని ఒప్పుకున్నది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. లోపల నీలిరంగు ఉండే 3.0 పోర్టు అయితే 900 మిల్లీఆంపియర్లు, 4.5 వాట్లు. పల్చటి రైటర్ అడుగున లేబుల్ చదివితే 5 వోల్టులు, 1 ఆంపియర్ పైమాటే రాసి ఉండటం మామూలు. ఎప్పుడూ అంత లాగదు. మోటారు డిస్క్‌ను తిప్పడం మొదలుపెట్టినప్పుడు, లేజర్ రాతకు దిగినప్పుడు లాగుతుంది. చాలా పోర్టులు ఒప్పందం కంటే కాస్త ఎక్కువే ఇస్తాయి కాబట్టి బండి నడిచిపోతోంది.

మొదటి పలకరింపు అప్పుడు యూఎస్‌బీ 2.0 వస్తువు 100 మిల్లీఆంపియర్లకు మించి లాగకూడదని నియమం. అంటే పేరు చెప్పుకునే దశలో రైటర్‌కు పెద్దగా కరెంటే అక్కర్లేదు. కాబట్టి పవర్ చాలని పోర్టులో కూడా అది తన పేరు సరిగ్గానే చెప్పవచ్చు. ట్రేలో డిస్క్ పెట్టి మూయగానే మోటారు గుంజుతుంది, వోల్టేజీ దిగుతుంది, బ్రిడ్జ్ చిప్ స్పృహ తప్పి మళ్లీ లేస్తుంది. చెవికి వినిపించేది ‘టడాన్’ అని వస్తువు ఊడిన శబ్దం, మరుక్షణం మళ్లీ తగిలిన శబ్దం. తెర మీద అక్షరం మాయమై మళ్లీ వస్తుంది. అలా ఊడి తగిలే మధ్యలో మూడు ప్రశ్నలకూ జవాబులు సగంసగంగా అందితే అరకొర పేరుతో నిలబడిపోవచ్చు, అసలు ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అని, దాని పక్కన విండోస్ ఇచ్చే తప్పు నంబరు కోడ్ 43 అని కూడా పడొచ్చు. పెళ్లి డిస్క్ 90 శాతం రాశాక ఆగిపోవడం కూడా చాలాసార్లు ఈ వంశంలోదే.

పోర్టు మంచిదైనా దారిలో పోగొట్టుకోవచ్చు. డెస్క్‌టాప్ ముందుభాగం పోర్టులు లోపల సన్న తీగతో మదర్‌బోర్డుకు కలుస్తాయి. దానికి తోడు రెండు మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు, దాని చివర నాలుగు రంధ్రాల హబ్, ఆ హబ్‌కే కీబోర్డు, మౌసు, వేలిముద్రల మెషిన్. మీసేవ కేంద్రాల్లో ఇలాంటి గుత్తులు చాలా చూశాను. కాలువ చివరి పొలానికి నీళ్లందనట్టే ఆఖరున ఉన్న రైటర్‌కు వోల్టేజీ అందదు. కొన్ని రైటర్లతో రెండు తలల వైరు ఇచ్చేది ఇందుకే. రెండో తల కరెంటు కోసం మాత్రమే.

యాపిల్ వాళ్ల సూపర్‌డ్రైవ్‌ను హబ్‌కు కాకుండా నేరుగా మ్యాక్‌కే తగిలించమని ఆ కంపెనీయే చెప్పేది. దాన్ని తెచ్చి మామూలు ల్యాప్‌టాప్‌కు పెడితే ఇంకో వింత. పేరు సరిగ్గా పడుతుంది, డిస్క్ మాత్రం మింగదు. మ్యాక్ పంపే ప్రత్యేకమైన ఆజ్ఞ అందేదాకా అది మెలకువలోకి రాదు. గుర్తింపు వేరు, పని చేయడం వేరు అనడానికి నేనెప్పుడూ దీన్నే చూపిస్తాను.

దుబాసీ తప్పు చెబితే

నెల్లూరులో నాకు తెలిసిన ఒకాయన పాడైన డెస్క్‌టాప్ నుంచి డీవీడీ రైటర్ ఊడదీసి, హార్డ్ డిస్కులకు వాడే సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపారు. లైటు కూడా వెలగలేదు. కారణం తేలికే. డెస్క్‌టాప్ సైజు డ్రైవ్‌కు 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కావాలి, చిన్న హార్డ్ డిస్క్‌కు చేసిన కేబుల్ 5 మాత్రమే ఇస్తుంది. ఆయన ఊరుకోకుండా పాత ఎస్ఎంపీఎస్ (డెస్క్‌టాప్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి కరెంటు విడిగా ఇచ్చారు. అప్పుడు ట్రే తెరుచుకుంది, మూసుకుంది, డిస్క్ తిరిగింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం పనికిరాని మాస్ స్టోరేజ్ వస్తువు ఒకటి చేరింది తప్ప డీవీడీ ఊసు లేదు.

ఇది బ్రిడ్జ్ జబ్బు. హార్డ్ డిస్క్‌తో మాట్లాడే ఆజ్ఞలు వేరు, డీవీడీ డ్రైవ్‌కు పంపే ప్యాకెట్ ఆజ్ఞలు వేరు. చాలా చవక కేబుళ్లలోని చిప్‌కు మొదటి భాషే వచ్చు. ఎదురుగా ఎవరున్నా హార్డ్ డిస్కే అనుకుని అదే మాట కంప్యూటర్‌కు మోస్తుంది. విండోస్ ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా దుబాసీ మారదు కదా. రెండు భాషలూ వచ్చిన కేబుల్ తెచ్చుకున్నాక ఆ రైటరే, ఆ ల్యాప్‌టాప్‌లోనే, డీవీడీగా కనిపించింది.

రిజిస్ట్రీ మందు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు

ఇక యూట్యూబ్ వైద్యం. విండోస్‌లో సీడీ, డీవీడీ జాతికంతటికీ కలిపి రిజిస్ట్రీలో ఒక అర ఉంటుంది. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్లు, పాటల సాఫ్ట్‌వేర్లు తమ మనిషిని ఆ అరలో కాపలా పెడతాయి. డ్రైవ్‌కు వెళ్లే, వచ్చే ప్రతి మాటా ఆ కాపలావాడి చేతి మీదుగా పోవాలి. ఇవే అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్. సాఫ్ట్‌వేర్‌ను తీసేసినప్పుడు దాని ఫైలు పోయి పేరు మాత్రం అరలో మిగిలిపోతే విండోస్ లేని మనిషి కోసం ఎదురుచూసి, డ్రైవ్‌ను తెరవనని భీష్మించుకుంటుంది. అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, కోడ్ 19, 31, 32, 39, 41లలో ఏదో ఒకటి. ఆ పేర్లు తీసేసి రీస్టార్ట్ చేస్తే నయమవుతుంది. ఈ వైద్యం మైక్రోసాఫ్ట్ చెప్పిందే, గాలిమాట కాదు. కాకపోతే బతికున్న సాఫ్ట్‌వేర్ల కాపలా కూడా పోతుంది కాబట్టి వాటిని మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు.

ఈ మందు ఎవరికి? ఆ అర జాతికంతటికీ ఒకటే అన్నది గుర్తుంటే జవాబు దొరుకుతుంది. ఫిల్టర్ చెడితే లోపలి డ్రైవ్, బయటి డ్రైవ్ అన్నీ కలిసి పడకేస్తాయి. ఒకే కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ బాగుండి ఇంకొకటి చెడితే అనుమానం ఫిల్టర్ మీద నుంచి తీసేయవచ్చు. అసలు కోడేమీ లేకుండా పేరు మాత్రమే తప్పుగా ఉంటే కూడా ఇది కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

రెండో రిజిస్ట్రీ చిట్కా ఇంకా ఎక్కువ తిరుగుతోంది: కంట్రోలర్0 అనే అర కొత్తగా చేసి అందులో ఎన్యూమ్‌డివైస్1 అని రాయడం. ఇదీ మైక్రోసాఫ్ట్ చెప్పిందే. విండోస్ కొత్త వెర్షన్‌కు మారాక డ్రైవ్ కనపడని చాలామందికి పనికొచ్చింది. కానీ అది ఏటాపీఐ అనే దారికి సంబంధించినది, అంటే పెట్టె లోపల తీగతో కలిసిన డ్రైవ్‌లకు. యూఎస్‌బీ రైటర్ ఆ దారినే రాదు. ఒంగోలు వెళ్లే బస్సు కోసం రైల్వే స్టేషన్‌లో విచారించినట్టుంటుంది.

అలాగని "రిజిస్ట్రీ జోలికే పోవద్దు, అంతా కేబులే" అనేవాళ్ల పక్షం కూడా నేను వహించను. మొదట కేబుల్, పోర్టు చూడమనడంలో న్యాయముంది. ఖర్చు లేదు, చెడేదీ లేదు. అయితే మూడు పోర్టులు మార్చినా అదే కోడ్ 39 వస్తుంటే నాలుగో పోర్టు వెతకడం చాదస్తం. విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించడం కూడా ఫిల్టర్ జబ్బుకు నిజంగా పనిచేస్తుంది. తేలు కుట్టిందని ఇల్లు ఖాళీ చేసినట్టు, అంతే తేడా. ఒక్క సలహాకు మాత్రం నా దగ్గర సానుభూతి లేదు. అది ‘ఫలానా సైట్ నుంచి డీవీడీ రైటర్ డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకో’ అనేది. విండోస్‌లో ఈ జాతికి కావలసిన డ్రైవర్ ముందే ఉంది. పెట్టెతో వచ్చే సీడీలో కూడా మామూలుగా ఉండేది రాసే సాఫ్ట్‌వేరే. డ్రైవర్ పేరుతో దొరికే ఆ ఫైళ్లలో ఏముందో ఎవరికీ తెలియదు.

డ్రైవ్ పేరు సరే, డిస్క్‌ను గుర్తించకపోతే?

ఇది వేరే తగాదా, కానీ జనం రెంటినీ ఒకటిగానే చెబుతారు. "నా రైటర్‌ను సీడీ డ్రైవ్ అనుకుంటోంది, సీడీలు తీసుకుంటోంది, డీవీడీలు పెడితే డిస్క్ పెట్టమంటోంది" అన్నది దీని ఆనవాలు.

సీడీని చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీది 650. కంటికి ఒకే కటకంలా కనిపించినా వెనక రెండు వేర్వేరు వెలుగులు. డీవీడీ లేజర్ ఒక్కటే అరిగిపోతే సీడీ వైపు దివ్యంగా నడుస్తుంది. డ్రైవ్ మాత్రం తన విద్యల జాబితాలో డీవీడీ రాయగలను అనే చెబుతుంది. ఆ జాబితా ఫర్మ్‌వేర్‌లో రాసి పెట్టింది, లేజర్‌కు ఓపిక ఉందో లేదో చూసి చెప్పేది కాదు. చదవడానికి సరిపోయే వెలుగు రాయడానికి సరిపోదు కాబట్టి ముందు పోయేది రాత, తర్వాత చదువు. దుమ్ము పట్టిన కటకం కూడా అచ్చం ఇవే లక్షణాలు చూపిస్తుంది. అందుకే తుడిచి చూడకముందే లేజర్ పోయిందని తీర్పు చెప్పడం తొందరపాటు.

ఖాళీ డిస్క్‌కూ గుర్తింపు ఉంటుంది. దాని గాడిలోనే తయారీదారు కోడ్ అచ్చుపడి వస్తుంది. ఏ కోడ్‌కు ఎంత వెలుగుతో, ఎంత వేగంతో రాయాలో డ్రైవ్ ఫర్మ్‌వేర్‌లో పట్టిక ఉంటుంది. పట్టికలో లేని డిస్క్ వస్తే డ్రైవ్ ఏదో ఉజ్జాయింపుతో రాస్తుంది, లేదా చేతులెత్తేస్తుంది. ఒక బండిల్ డిస్కులు బాగా రాసి ఇంకో బండిల్‌కు మొరాయించే రైటర్‌ను తిట్టేముందు ఈ సంగతి చూడాలి.

అబద్ధం చెప్పడమే మేలైన సందర్భం కూడా ఒకటుంది. పాత డీవీడీ ప్లేయర్లు కొన్ని డీవీడీ+ఆర్ డిస్క్‌ను చూసి ఇదేదో తెలియదని బయటికి తోసేవి. అందుకని రాసేటప్పుడే ‘నేను ఫ్యాక్టరీలో అచ్చైన డీవీడీ-రోమ్‌ను’ అని డిస్క్ మీద ముద్ర వేసే ఏర్పాటు కొన్ని రైటర్లలో పెట్టారు. దాన్ని బుక్ టైప్ మార్చడం అంటారు. ఆ ఒక్క అబద్ధంతో పల్లెల్లో ఎన్ని పెళ్లి డిస్కులు ఆడాయో.

కందుకూరు స్టూడియోలో చివరికి తేలింది

మిత్రుడు రెండోసారి ఫోన్ చేసినప్పుడు ఒక్కటే అడిగాను: రైటర్ వైరు పూర్తిగా పీకేసి ‘దిస్ పీసీ’లో ఏముందో చెప్పండి.

కాసేపు మాట లేదు. "అన్నా, పీకేశా. సీడీ డ్రైవ్ ఇంకా ఉందే!"

అంటే మూడు రోజులుగా ఆయన తిడుతున్న ‘సీడీ డ్రైవ్ (ఎఫ్)’ ఆ రైటర్ కానే కాదు. దాన్ని తెరవమంటే లోపల సెటప్ ఫైలు ఒకటి, ఒక నెట్ కంపెనీ గుర్తు కనిపించాయి. కేబుల్ నెట్ పోయిందని వారం కిందట సీపీయూకు ఒక నెట్ డాంగిల్ గుచ్చారట. ఈ డాంగిల్స్‌లో చాలావాటికి తమ సాఫ్ట్‌వేర్‌ను తామే మోసుకొచ్చే అలవాటుంది. అందుకోసం అవి రెండో ప్రశ్నకు 5 అని జవాబిచ్చి సీడీ డ్రైవ్ వేషం కట్టుకుంటాయి. తప్పుగా గుర్తింపు పొందింది రైటర్ కాదు, డాంగిల్. అదీ కావాలనే.

మరి రైటర్ ఏమైంది? డివైస్ మేనేజర్ అడుగున ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అని పసుపు త్రికోణంతో ఉంది, కోడ్ 43. సీపీయూ టేబుల్ కింద దూరంగా ఉందని ముందు పోర్టులో ఎక్స్‌టెన్షన్ వైరు వేసి దాని కొసకు రైటర్ తగిలించారు. షాపులో ఆ వైరు లేదు, డాంగిల్ లేదు, వెనక పోర్టులో నేరుగా పెట్టారు. ఇక్కడా వెనక పోర్టుకు నేరుగా పెట్టేసరికి ‘డీవీడీ ఆర్‌డబ్ల్యూ డ్రైవ్ (జీ)’ వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రమే ఆరు డిస్కులు కొట్టారు.

అనవసరంగా మాట అన్నానే అని ఒంగోలు షాపు కుర్రాడికి ఫోన్ చేసి సంగతి చెప్పారట. అతను నవ్వి, "ఆ ఎక్స్‌టెన్షన్ వైరు కూడా మా దగ్గరదే కదన్నా, పోయిన నెల మీరే తీసుకుపోయారు" అన్నాడట.